పద్నాలుగు మెట్లు

ఫోన్ నేనే ఎత్తుతాను. నా పేరు సునిల్దా.
పంతొమ్మిదేళ్లుగా ఇదే బల్ల,
కిటికీలో వాల్పరైసో రేవు,
కింద తాళంచెవులు కోసే కొట్టు.
డాక్టర్ ఇతుర్రా గదిలో మాటలు నాకు వినపడవు,
కింది రంపం వాటిని తినేస్తుంది.
అందుకే ఈ మేడ అద్దెకు తీసుకుందేమో. అడగలేదు.

ముందు ఫీజెంత అంటారు.
తర్వాత కాసేపు ఏమీ అనరు.
నేను పెట్టెయ్యను.
అవతల ఓ కుక్క, కట్టని కుళాయి.
అప్పుడు గొంతు తగ్గించి,
"అక్కడ ఏం చేస్తారు?"

పడుకోబెట్టే సోఫా లేదండీ. కుర్చీ ఉంది.
దాని కుడిచెయ్యి వదులు.
అందరూ దాన్నే కదుపుతూ మాట్లాడతారు,
అందుకే వదులైంది.
మొదటిసారి గంట పడుతుంది.
నిద్ర అడుగుతుంది, ఆకలి అడుగుతుంది,
మీ అమ్మమ్మ ఎప్పుడైనా ఇలా గోడవైపు తిరిగి పడుకుందా అని అడుగుతుంది.
రక్తపోటు చూస్తుంది, థైరాయిడ్‌కి చీటీ రాస్తుంది.
మనసుకని వస్తే మెడ తడుముతుందేమిటి అనుకోకండి.
ఏడుపొస్తే ఏడవండి.
రాకపోయినా ఫీజు అంతే.
ఇన్సూరెన్సువాళ్లు సగం తిరిగిస్తారు,
ఇవ్వడానికి రెండు నెలలు నానుస్తారు.

మాత్రలు రాస్తే మూడు వారాలు ఓపిక పట్టాలి.
నోరు పిడచకట్టుకుపోతుంది ముందు,
మేలు తర్వాత, తీరిగ్గా వస్తుంది.
తొమ్మిదో రోజు ఫోన్ చేసి నన్ను తిడతారు.
తిట్టించుకుంటాను, క్యాలెండరు మీద వేలు తియ్యకుండా.

రాత్రి రెండింటికి మేముండం.
ఇది ఆసుపత్రి కాదు, రెండు గదులు.
ఆ రాత్రికి వేరే నెంబరుంది, రాసుకోండి.
కొందరు రాస్తున్నట్టు నటిస్తారు.
కాగితం మీద పెన్ను చప్పుడు నాకు తెలుసు.
మళ్లీ చదవమంటాను.

నోల్బెర్తో కార్కమో కూడా ఇలాగే చదివాడు, అంకె అంకెకీ ఆగి.
రేవులో క్రేన్ నడిపే మనిషి,
ఇరవై రెండేళ్లు ఆకాశంలో కూర్చుని
ఓడల కడుపులు ఖాళీ చేసినవాడు
మా పద్నాలుగు మెట్లు ఎక్కలేకపోయాడు.
మొదటి మంగళవారం ఏడో మెట్టు.
"ఒకాయన చెమట్లు కక్కుతున్నాడు" అని
తాళాల కుర్రాడొచ్చి చెప్పేసరికి వెళ్లిపోయాడు.
రెండో మంగళవారం పదకొండు.

చెప్పకుండా మానేస్తే సగం ఫీజు, నియమం.
నేను లోపలికెళ్లి అడిగాను:
మెట్లదాకా వస్తే వచ్చినట్టా, రానట్టా?
ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంది,
తుడిచినవే మళ్లీ తుడిచింది.
తర్వాత టీ కప్పు పట్టుకుని బయటికెళ్లి
పదమూడో మెట్టు మీద కూర్చుంది.
ఇద్దరి మధ్యా ఒక మెట్టు ఖాళీ.
ఏం మాట్లాడుకున్నారో, రంపం ఆగితే కదా.
కప్పు మాత్రం నిండుగా తిరిగొచ్చింది, చల్లారిపోయి.
బిల్లు పూర్తిగానే వెయ్యమంది.
ఆయన పూర్తిగానే కట్టాడు,
నోట్లు చెమటకి మెత్తబడి ఉన్నాయి.

బాగయ్యాడా అంటే, నాకు తెలీదు.
క్రేన్ ఎక్కడం లేదు.
గోదాములో తూకాలు చూస్తున్నాడు.
నెలకోసారి వస్తాడు, మెట్లెక్కుతూ లెక్కపెడతాడు, పైకే.

మొన్న జేబులో స్క్రూడ్రైవరు తెచ్చి
తన గంటలో పది నిమిషాలు ఖర్చుపెట్టి
ఆ కుర్చీ చెయ్యి బిగించి వెళ్లాడు.
గర్వంగా నాకూ చూపించాడు, ఊపి.
తర్వాత వచ్చిన అమ్మాయి,
స్కూల్ యూనిఫాంలోనే వచ్చింది,
చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
నలభై నిమిషాలు గోళ్లు కొరుక్కుంది.

సాయంత్రం తాళం వెయ్యబోతూ చూశాను.
డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని,
వంద పెసోల నాణెంతో
ఆ స్క్రూని వదులు చేస్తోంది.